నా జీవితానికి వేసిన మార్కులు

బండి మీంచి పడటం నాకు గుర్తు లేదు. ఇంట్లోవాళ్ళు చెప్పినదే నాకు తెలుసు. చెల్లెలి ఊరి నుంచి కాలవగట్టు మీదుగా కొత్తపేట దగ్గరున్న మా ఊరికి వస్తున్నామట. మా ఆయన బండి నడుపుతున్నారు, నేను వెనక ఒక పక్కకి కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి, నేను కింద పడ్డాను. ఆయన నాతో మాట్లాడుతూనే కొంత దూరం వెళ్ళిపోయారట. ఎంతకీ జవాబు రాకపోయేసరికి తిరిగి చూస్తే వెనక సీటు ఖాళీగా ఉందట.

రాజమండ్రిలో ఒక పెద్దాసుపత్రిలో తలకి ఆపరేషన్ చేశారు. గుండు మీద జుట్టు మొలిచేసరికి ఇంటికి వచ్చాను. నడక వచ్చింది, మాట వచ్చింది. కొన్ని రాలేదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే బుర్రలో రంపం పెట్టి కోసినట్టు ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్ళు తెలియని నిద్ర ముంచుకొచ్చేది. చిన్నచిన్నవాటికే కోపం వచ్చేది. ఇక వాసన అనేది పూర్తిగా పోయింది. మల్లెపూలు, కిరసనాయిలు నా ముక్కుకి ఒకటే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరుగారు.

నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. బడికి సెలవు పెట్టాను కాబట్టి ఇంట్లో వంట పని తీసుకున్నాను. అత్తయ్యగారు వద్దన్నారు గానీ నేను వినలేదు. పులుపు, ఉప్పు, కారం నాలుకకి తెలుస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు వండిన చెయ్యి, వాసన లేకపోతే ఏం అనుకున్నాను. అన్నాలు తిని ఆయనా, అత్తయ్యగారూ "బావుంది" అనేవారు. నాకు ధైర్యం వచ్చింది.

దెబ్బ తగిలిన ఏడాదికి ఆసుపత్రివాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి స్కానింగులు లేవు. ఒక అమ్మాయి చేతిలో ట్యాబ్ పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"మేడమ్, ఈవేళ మీ రిపోర్టుల గురించి అడగనండి. మీరు ఎలా బతుకుతున్నారో, మీకెలా అనిపిస్తుందో అడుగుతాను. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యండి. తృప్తిగా లేకపోతే ఒకటి, పూర్తిగా ఉంటే అయిదు."

నాకు సరదా వేసింది. పిల్లలకి మార్కులు వేసిన చెయ్యి నాది, నా బతుక్కి నన్నే వేసుకోమంటున్నారు. జ్ఞాపకశక్తికి మూడు వేశాను. కోపాన్ని అదుపులో పెట్టుకోవడానికి రెండు. ఇంటి పనులు సొంతంగా చేసుకోవడానికి తడుముకోకుండా అయిదు. నలుగురితో కలిసిమెలిసి ఉండటం దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు మా వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. చర్చిలో ఆడవాళ్ళు, తోటి టీచర్లు. ఈ ఏడాది మొదట్లో వచ్చారు, తర్వాత మానేశారు. ఒకటి వేశాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా.

అవే ప్రశ్నలు నా గురించి పక్క గదిలో మా ఆయన్నీ అడిగారు. తర్వాత మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

"మీ ఇద్దరి మార్కులకీ రెండు చోట్ల బాగా తేడా వచ్చిందండి. ఇంటి పని దగ్గర ఒకటి, మనుషులతో కలవడం దగ్గర ఒకటి. ఇలా రావడం మామూలేనండి. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. కాకపోతే మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకుంటే మంచిది."

రావులపాలెంలో బస్సు మారాలి. మా బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆయన టీలు పట్టుకొచ్చారు.

"ఇంటి పనికి నాకెన్ని వేశారండీ?" అన్నాను.

"ఇప్పుడెందుకే అది. టీ తాగు."

"చెప్పండి."

"రెండు."

నాకు మొహం మీద కొట్టినట్టయింది. "నేను వండట్లేదా? రోజూ మీరు తినట్లేదా?"

ఆయన కప్పులోకి చూస్తూ చెప్పారు. "వండుతున్నావు. చేపల పులుసు నీచు వాసన వస్తందే. పాలు అడుగంటిన రోజున టీ తాగలేకపోతన్నాం. నువ్వు మధ్యాహ్నం పడుకున్నాక అమ్మ మళ్ళీ గిన్నె పొయ్యి మీద పెట్టి బాగుచేత్తంది. మొన్న రొయ్యలు పాడైపోయేయని నీకు తెలియకుండా పారబోసేం."

"మరి బావుందన్నారు?"

"ఏమనమంటావు? ఆసుపత్రి నుంచి వచ్చేక నువ్వు లేచి చేసిన మొదటి పని అది. చెప్తే మళ్ళీ వంటింట్లోకి రావని భయమేసింది."

ఇన్నాళ్ళూ ఆయన నా వెనకాలే వంటింట్లోకి వచ్చి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసేవారు. అదేదో కొత్తగా పట్టుకున్న చాదస్తం అనుకున్నాను. గ్యాసు లీకయినా నాకు తెలియదన్న సంగతి అప్పుడు తట్టింది. సిగ్గు వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. బస్టాండులో అందరూ చూసేలా అరిచాను. నన్ను చిన్నపిల్లని చేసి ఆడిస్తున్నారని, నవ్వుకుంటున్నారని ఏదేదో అన్నాను. అరటి గెలల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ మోతకి రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. అది తగ్గాక నా కోపమూ కాస్త తగ్గింది.

"మనుషులతో కలవడానికి ఎన్ని వేశారు?" అన్నాను.

"నాలుగు. ప్రశాంతంగా ఉంటన్నావు కదా అని."

"నేను ఒకటి వేశాను. ఒక్కళ్ళూ రావట్లేదు కదండీ. అందరూ నన్ను మర్చిపోయేరు."

ఆయన కప్పు కింద పెట్టారు. "మర్చిపోలేదే. నేనే రావద్దన్నాను. గోలకి నీకు తలనొప్పి వస్తందని, ఫోన్లు చేసి మరీ చెప్పేను. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళని కూడా పంపించేసేను."

ఈసారి అరవలేదు. అరిచే ఓపిక లేదు. నన్ను ఎవరూ మర్చిపోలేదన్న మాటే మాటిమాటికీ మనసులో తిరిగింది. బస్సు వస్తే ఎక్కి కూర్చున్నాం. కొత్తపేటలో దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి వెళ్ళి అత్తయ్యగారిని అడిగితే ఆవిడ దాచలేదు. "ఏమనుకోకమ్మా, ఏదో సర్దేను" అన్నారు. ఇకమీదట సర్దొద్దు, నాకే చెప్పండి అన్నాను. మర్నాటి నుంచి ఆవిడ వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేవారు. "ఉల్లిపాయ పచ్చివాసన పోలేదమ్మా", "చేపల్ని ఉప్పేసి ఇంకోసారి కడుగు" అని చెప్తుంటే నేను చేసేదాన్ని. చెప్పమన్నాను కదా అని ఆవిడ ఎక్కడా ఆగలేదు. ఒకరోజు అన్నారు, "నీ పప్పుచారులో ఇంగువ ఎప్పుడూ ఎక్కువేనమ్మా. దెబ్బ తగలకముందు కూడా అంతే." నేను పెళ్ళయిన దగ్గర్నించీ ఆ పప్పుచారు పెడుతున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మనుషులూ వచ్చారు. ఒక్కసారికి ఇద్దరికి మించి రాకుండా, సాయంత్రం ఎండ తగ్గాక రమ్మన్నాం. మొదటిరోజు చర్చి నుంచి వచ్చిన ఇద్దరూ చావింట్లో కూర్చున్నట్టు గుసగుసలాడారు. "అంత నెమ్మదిగా వద్దండీ, మామూలుగానే మాట్లాడండి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే చాలు" అన్నాను. ఆ ఒక్కటీ వాళ్ళకి చాలా కష్టమయింది. అయినా ప్రయత్నించారు.

బడికి కూడా వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారు నాకు క్లాసు మొత్తం ఇవ్వలేదు. చదవడం రాని పిల్లలు కొంతమందిని వరండా చివర కూర్చోబెట్టి చదివించమన్నారు. కొన్ని రోజులు బాగా జరిగేది. కొన్ని రోజులు ఇంటర్వెల్ బెల్లుకే ఇంటికి వచ్చేసేదాన్ని. ఇప్పటికీ అంతే.

ఆ తర్వాతి ఏడాది మళ్ళీ పిలిచారు. అదే అమ్మాయి, అవే ప్రశ్నలు. ఇంటి పనికి రెండు వేశాను. ఉద్యోగానికి రెండు. మనుషులతో కలవడానికి మూడు. ఆ అమ్మాయి ట్యాబ్‌లో పాతవి చూసి కంగారు పడింది.

"మేడమ్, మొత్తం మీద తగ్గేయండి. ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"లేదమ్మా. పోయినసారి నేను ఏం చెయ్యలేకపోతున్నానో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు."

"మరి పోయినేడాది కంటే బాగుందా, బాగాలేదా?"

"బాగుంది."

"బాగుంటే రెండే వేశారేంటండి?"

"రెండేనమ్మా. బాగుండటం వేరు, చేసుకోగలగడం వేరు."

తను నేనన్నది అలాగే కింద టైపు చేసుకుంది. మా ఆయన వేసిన మార్కులు ఈసారి నావాటికి దగ్గరగా ఉన్నాయని చెప్పింది. నాకు ఒక సందేహం వచ్చింది.

"అన్నీ నా గురించే అడిగారు. ఈయన ఎలా ఉన్నారో అడగరా అమ్మా?"

ఆయన గురించి ట్యాబ్‌లో ప్రశ్నలు లేవట. అయినా ఆ అమ్మాయి దాన్ని పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది. "సార్, మీరెలా ఉన్నారండి?"

"ఆయ్, నాకేం అండి, బాగానే ఉన్నాను" అన్నారు ముందు. ఆ అమ్మాయి ఆయన వంకే చూస్తూ కూర్చుంది. చివరికి ఆయనే అన్నారు. "నేను కువైట్‌లో ఉన్నప్పుడు నాతో పనిచేసినాయన ఐ.పోలవరంలో రొయ్యల చెరువులు చూసుకుంటన్నాడండి. రమ్మని పిలుస్తానే ఉన్నాడు. వెళ్ళి రెండ్రోజులు ఉండాలని ఉందండి. ఈవిణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పటం లేదు."

ఈ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు. ఆ వారమే బట్టలు సర్ది పంపించాను. మొదటిరోజు గంటకోసారి ఫోన్ చేశారు. గ్యాసు కట్టేశావా, పడుకున్నావా, తలనొప్పి ఉందా అని. సాయంత్రానికి ఫోన్లు తగ్గాయి. రెండోరోజు అసలు చెయ్యలేదు. అత్తయ్యగారు మాత్రం కొడుకు ఫోన్ చెయ్యలేదన్న కోపంతో వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నారు. నేను చేపలు కడిగి, ఉప్పు పట్టించి, వాసన చూడమని ఆవిణ్ణి లోపలికి పిలిచాను.