దేవుణ్ణి కొలిచిన వాక్యం

మహారాష్ట్రలోని సిరొంచ బడిలో ఇంగ్లీషు మాస్టారికే పాఠం చెప్పిన మొనగాణ్ణి నేను. మనవరాలి నోటుబుక్కులో ‘మెజర్’ అన్న మాట చూడగానే అది గుర్తుకొచ్చింది.

ఆ మాటతో వాక్యం తప్పు చెప్పినవాళ్లు సాయంత్రం దాకా ఎండలో నిలబడాలన్నారు ఆ రోజు మాస్టారు. మెజర్ అంటే కొలవడం. మా నాయనమ్మ రోజూ కాళేశ్వరం దేవుణ్ణి కొలిచేది. లేచి నిలబడి, “మై గ్రాండ్‌మదర్ మెజర్స్ గాడ్” అన్నాను.

“దేవుణ్ణి టేపుతోనా? మస్కరీ చేస్తున్నావా?” అంటూ, తెలుగు అంతంతమాత్రమే వచ్చిన ఆ మరాఠీ మాస్టారు బెత్తం అందుకున్నారు.

మా భాషలో మొక్కడమూ కొలవడమేనని ఆయనకు వివరించానని అందరికీ చెబుతుంటాను. నిజానికి భయంతో నోరే పెగల్లేదు.

మనవరాలికి ఇది చెబుతుంటే విని, అప్పట్లో నా తరగతిలోనే చదివిన మా అక్క అంది: “నోరు పెగల్లేదా తమ్మీ? ‘మా అక్కనే గిట్ల చెప్పుమన్నది సార్’ అని మొత్తుకున్నవ్. పొద్దూకేదాంక ఎండల నిలబడ్డది నేను.”