మోటరు పెట్టెల మా ఆయన గొంతు

నాకు చదువు రాదు. సంతకం చేస్త, అంకెలు గుర్తుపడ్త, బస్సు మీద కన్నడల రాయచూరు అని ఉంటే ఎక్కుత. అంతే. ఇదంత నేను నోటితోటి చెప్తున్నది. ఫోన్ల మైకు బొమ్మ ఒత్తి మాట్లాడితే అదే రాసుకుంటది. తర్వాత మా ఆడబిడ్డ కూసోని తప్పులు దిద్ది ఫేస్‌బుక్కుల మా పేజీల పెడ్తది. ఆమెను మా ఊర్లనే ఇచ్చిన్రు, రెండు సందులు దాటితే ఆమె ఇల్లు. అంగన్‌వాడీ టీచరు. పేజీ పెడ్దాం అన్నది ఆమెనే. ఎవుసం చేసే ఆడోళ్లకు ఏ సామాను పనికొస్తది, ఏది దండగ, నువ్వు వాడి చెప్పు వదినా, నేను పెడ్త అన్నది. తలకు కట్టుకునే బ్యాటరీ లైటు గురించి చెప్పిన. పత్తి సంచి తగిలిస్తే అంకెలు మెరిసే తూకం గురించి చెప్పిన. వాన వస్తదా రాదా అని చెప్పే ఫోను బొమ్మను నమ్మొద్దని గూడ చెప్పిన, దానికి శానమంది నవ్విన్రు.

అందరూ ఒకటే అడుగుతున్నరు. అక్కా, అన్నిట్ల నీకు ఇష్టమైన మిషను ఏది అని. ఇన్ని రోజులు తప్పించుకుంట వచ్చిన. ఇయ్యాల చెప్త. అది మా బోరు కాడ ఉండే మోటరు పెట్టె.

ఎరుక లేనోళ్లకు చెప్తున్న. పొలంల మోటరు స్టార్టరు పక్కన చిన్న పెట్టె పెడ్తరు. దాని లోపల ఒక సిమ్ము ఉంటది. కరెంటు వస్తే పెట్టె మన ఫోనుకు కాల్ చేస్తది. ఎత్తి ఒకటి నొక్కితే మోటరు నడుస్తది, రెండు నొక్కితే ఆగుతది. మా దిక్కు పొలానికి ఇచ్చే కరెంటుకు ఒక వేళ లేదు పాళ లేదు. ఒకనాడు పొద్దున ఇస్తరు, ఒకనాడు ఎండ నెత్తి మీదికొచ్చినంక ఇస్తరు. పెట్టె లేకుంటే ఎవరో ఒకరు బోరు కాడ కూసోని కాయాలె. మా బోరు ఊరికి కోసెడు దూరం.

దాన్ని తెచ్చింది మా ఇంటాయన. కొత్త సామాను అంటే ఆయనకు పిచ్చి. ఊర్ల అందరికంటే ముందు తెచ్చి బిగించిండు. తన పాత నంబరు సిమ్మే దాంట్ల ఏసి, తను కొత్త నంబరు తీసుకున్నడు. నాకు పేర్లు చదవ రాదు గద, అందుకు నా ఫోన్ల ఎవరెవరి నంబరుకు వాళ్ల ఫోటో పెట్టి ఇచ్చిండు. ఆయన పాత నంబరుకు ఆయన ఫోటోనే ఉండిపోయింది. ముదగల్ ఊర్ల చుట్టాల పెండ్లికి పోయినప్పుడు కోటగోడ ముందల నిలబడి దిగింది. రుమాలు చుట్టుకొని, ఎండకు ఒక కన్ను మూసి.

ఆ పెట్టెల మన గొంతు మనమే నింపుకోవచ్చు. పది సెకన్లు. కంపెనోళ్లది ఒక పిల్ల గొంతు ఉంటది గానీ ఆయనకు నచ్చలే. గట్టు మీద కూసోని తన గొంతు నింపిండు. ఒకసారి దగ్గి, తర్వాత, "ఏమే... కరెంటు వచ్చింది. మోటరు వేసేదుంటే ఒకటి నొక్కు. వద్దంటే పెట్టెయ్."

"ఏందయ్యా, మిషనుతోటి నన్ను ఏమే అనిపిస్తవా?" అన్న.

"మిషను కాదే, నేనే. నేను ఊర్ల లేకున్నా నేనే పిలుస్త. పలుకు మరి."

నవ్వుకుంట పలికిన. అప్పటి సంది ఫోన్ల ఏమే అంటే నా నోట్లకెళ్లి ఆఁ అని రాకుంట ఉండలే. అలవాటు. ఇంట్ల ఆయన పిలిచినా గంతే, చేతిల ఏ పని ఉన్నా ముందు ఆఁ అనాలె, లేకుంటే మళ్ల పిలుస్తడు.

రెండేండ్ల కింద పత్తి గింజలు పెట్టిన వారానికి, ఛాతీల పట్టేసినట్టు ఉన్నది అని కూసున్నడు. రాయచూరు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది.

మూడో దినం పొద్దుగాల ఇంటి నిండ ఆడోళ్లు ఉన్నరు. నేను మూలకు కొంగు కప్పుకొని కూసున్న. గూట్ల ఫోను మోగింది. మా ఆడబిడ్డ తీసి చూసి కింద పడేసింది. దాని మీద వాళ్ల అన్న ఫోటో. కింద పడ్డ ఫోను ఎట్ల ఒత్తుకున్నదో, స్పీకరు పెట్టినట్టు ఇల్లంత వినిపించింది. దగ్గు. తర్వాత, ఏమే.

నేను కొంగు లోపల్నుంచే ఆఁ అన్న.

మా అత్త ఉరికొచ్చి నా నోరు మూసింది. "పలకకే, పలకకు. చచ్చినోడు పిలిస్తే పలికినోళ్లను ఎంబడి తీస్కపోతడు."

ఫోనేమో చెప్పేది చెప్పుకుంటనే ఉన్నది. వద్దంటే పెట్టెయ్.

కరెంటు వచ్చింది, పెట్టె పిలిచింది, గంతే అని ఆడబిడ్డ అందరికీ చెప్పింది. ఇన్నరు గానీ ఎవరి మొకంల రంగు లేదు. తెల్లారి మా అత్త పోయి ఆ పెట్టె మీద సున్నంతోటి "నాళె బా" అని రాయించి వచ్చింది. కన్నడల రేపు రా అని. మా దిక్కు ఎనకట ఇండ్ల తలుపుల మీద రాసుకునేటోళ్లు. దయ్యం వచ్చి చదువుకొని, సరే రేపొస్త అని పోతదంట. రేపు గూడ అదే రాత ఉంటది.

మా ఆడబిడ్డకు ఏడుపులనే నవ్వొచ్చింది. "అమ్మా, రేపు రా అని రాస్తే అన్న ఆగుతడో లేదో గానీ కరెంటు గూడ రేపే వస్తది. పత్తి ఎండుతది సూడు."

ఫోటో మార్చమన్నరు. పెట్టెల గొంతు తీసెయ్యమన్నరు. నేను తీయలే. కరెంటు వచ్చినప్పుడల్ల ఆయన మొకం వస్తది, ఏమే అంటడు, ఆఁ అంట. కూలికి పోయి మంది చేన్ల పత్తి ఏరుతుంటే మోగేది. పక్క సాలుల ఉన్న ఆడోళ్లు రెండు సాళ్లు అవతలికి జరిగేటోళ్లు. ఒకామె మంచిదే, నోరే చెడ్డది, "పోవే, మీ ఆయన పిలుస్తుండు, జల్ది పో, కోపం చేస్తడు" అనేది. అందరూ నవ్వేటోళ్లు. బువ్వకాడ మాత్రం నా పక్కన ఎవరూ కూసునేటోళ్లు కాదు.

నాకు భయం కాలేదా అంటే, అయింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఫోను ఇంట్ల మరిచిపోయి చేనుకు పోయిన. కలుపు తీస్తున్న. వెనకనుంచి ఏమే అని వినిపించింది. దగ్గు గూడ వినిపించింది. ఆఁ అని తిరిగి చూసిన. ఎవరూ లేరు, ఎండ తప్ప ఏం లేదు. ఆయనే పిలిచిండు, కరెంటు వచ్చినట్టుంది అనుకొని బోరు కాడికి పోయి చూసిన. కరెంటు లేదు. ఇంటికి ఉరికిన. ఫోను చూస్తే ఒక్క కాల్ గూడ రాలే. ఆ దినం నేను ఎవరికి పలికినట్టో ఇప్పటికీ ఎరుక లేదు. మా అత్తకు చెప్పలే.

ఈ ఏడు పత్తి ఇడిసి మిరప పెట్టిన. చెట్టు పూతకు వచ్చినప్పుడు ఒకనాడు ఉరుములు మెరుపులు అయినయి. ఆనాటి సంది పెట్టెకు ఏదో అయింది. కాల్ వస్తది, గొంతు వస్తది, ఒకటి నొక్కితే మోటరు గుర్రుమంటది, ఆగుతది. నేనే పోయి కూసున్న ఐదు దినాలు. కూలి పోయింది, అయినా నీళ్లు సరిగ్గ అందలే. పూత రాలబట్టింది. రోజూ పొద్దున చెట్ల కింద తెల్లగ పరిచినట్టు ఉండేది.

రాయచూరు నుంచి మేస్త్రిని పిలిపించిన. తుర్కాయన, నడీడు మనిషి, మా ఊర్లన్నిటికీ మోటర్లు చేసేది ఆయనే. మూత ఇప్పి, పెట్టె మీద రాత చూసి, "ఇదేంది అక్కా, నన్ను గూడ రేపు రమ్మంటుంది" అన్నడు. ఎవరూ నవ్వకపోతే పని చేసుకున్నడు. కొంచెం సేపటికి చెప్పిండు.

"బోర్డుకు తిక్క పట్టింది అక్కా. కరెంటు మూడు ఫేజులు రావాలె, ఇది రెండు ఫేజులకే మోటరు ఎత్తాలని చూస్తుంది. గిట్లనే ఉంటే వైండింగు కాలుతది, బోరుల నుంచి మోటరు గుంజాల్సి వస్తది. మొత్తం సాఫ్ చేసి మొదటి నుంచి పెట్టాలె."

"సాఫ్ అంటే?"

"లోపల ఉన్నదంత పోతది. నంబర్లు, టైములు, నింపిన గొంతు, అన్నీ."

నేను గట్టు మీద కూసున్న. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఇంకో ఫోన్ల లేదు, పెండ్లి వీడియోల గూడ పాటలే ఉన్నయి. ఈ పెట్టెల పది సెకన్లు ఉన్నది, గంతే. ఇటు సూస్తే మిరప.

నాతోటి బోరు కాడికి వచ్చిన మా ఆడబిడ్డ ఉపాయం చెప్పింది. "వదినా, ఏడ్వకు. కాల్ వచ్చినప్పుడు నీ ఫోను స్పీకరు పెట్టు. నా ఫోన్ల రికార్డు చేస్త. మేస్త్రి ఫ్యూజు తీసి పెడితే కరెంటు వచ్చిందనుకొని అదే పిలుస్తది. నువ్వు మాత్రం నోరు మూసుకో."

"మూసుకుంట."

మేస్త్రి ఫ్యూజు తీసి పెట్టిండు. ఫోను మోగింది. ఎత్తిన. దగ్గు. ఏమే. ఆఁ అన్న.

మా ఆడబిడ్డ రికార్డు ఆపి నెత్తి కొట్టుకుంది. "చెప్తిని గద వదినా!"

"నేను అనలే, అదే వచ్చింది."

మళ్ల చేద్దాం అన్నది. "నువ్వు అవతలికి పో. రెండు ఫోన్లూ నేనే పట్టుకుంట." నేను పది సాళ్లు అవతలికి పోయి నిలబడ్డ, రెండు చెవులు మూసుకొని. మేస్త్రి ఫ్యూజు పెట్టిండు. ఆమె ఫోను ఎత్తుడు కనిపించింది. తర్వాత ఆమె వంగిపోయి కూసున్నది. దగ్గరికి పోయి చూస్తే కొంగు మొకానికి పెట్టుకొని అన్నా, అన్నా అని ఏడుస్తుంది. మూడో దినం ఫోను కింద పడేసినప్పటి సంది ఆమె ఆ గొంతు సాంతం ఇనలేదంట. నా ఫోను ఎన్నిసార్లు మోగినా లేచి బయటికి పోయేది. నేనే చూసుకోలే.

రికార్డుల ఆమె ఏడుపే ఉన్నది.

"ఇంకొక్కసారి భాయ్," అన్న. ఈసారి కొంగు ఉండ చేసి నోట్ల కుక్కుకున్న. ఆడబిడ్డ గూడ అట్లనే చేసింది. ఇద్దరం బొమ్మల లెక్క నిలబడ్డం. మేస్త్రి మమ్మల్ని చూసి ఫ్యూజు తీసి పెట్టిండు.

మోగలే.

తీసి మళ్ల పెట్టిండు. మోగలే. మూత ఇప్పి వేలు ఆనించి చూసి, చెయ్యి వెనక్కి గుంజుకున్నడు. "వేడెక్కింది అక్కా. ఇంక పిలవదు. ఇప్పుడు సాఫ్ చెయ్యకపోతే బోర్డే మిగలదు. ఏం చేద్దాం?"

నేను నోట్లకెళ్లి కొంగు తీయలే. మిరప దిక్కు చూసిన. చెయ్యి అని చేత్తోనే చెప్పిన.

ఆయన ఏదో ఒత్తి పట్టుకున్నడు. ఎర్ర దీపం ఆరి, పచ్చది వెలిగింది. అంతే అయింది. ఒక మనిషి రెండోసారి పోవుడు అంత సేపట్ల అయిపోతది. మొదటిసారి లెక్కనే, పక్కన నేను ఉండంగనే.

తర్వాత మేస్త్రి నా నంబరు మళ్ల పెట్టిండు. "గొంతు నింపు అక్కా, ఇక్కడ నోరు పెట్టి మాట్లాడు. లేకుంటే కంపెనీ పిల్ల గొంతే ఉంటది" అన్నడు. ఆ పిల్ల గొంతు వద్దన్న. ఒత్తిండు. మాట్లాడు అని సైగ చేసిండు. ఇంతసేపు మూసుకోమంటే మూసుకోని నోరు, ఇప్పుడు తెరువుమంటే తెరుచుకోలే. ఏం చెప్పాలె? నన్ను నేను ఏమే అని పిలుచుకోవాల్నా? పది సెకన్లు అయిపోయినయి. దీపం ఆరింది.

"ఖాళీగనే నిండింది. మళ్ల చేద్దామా?" అన్నడు.

"ఉండనియ్ భాయ్."

మిరపకు నీళ్లు అందినయి. రాలింది రాలిపోంగ మిగిలిన పూత పిందె పట్టింది. ఆ రెండు రికార్డులు ఆడబిడ్డ ఫోన్ల ఉన్నయి. మొన్న ఒకసారి పెట్టి వినిపించింది. దగ్గు మంచిగ వచ్చింది. ఏమే అన్న దాని మీద సగం నా గొంతే పడ్డది. వింటుంటే మళ్ల ఆఁ అన్న, ఆమె ఆపేసింది. "అన్న గొంతు కంటే నీ గొంతే ఎక్కువుంది వదినా, మా అన్నను ఎప్పుడన్న మాట్లాడనిస్తివా" అన్నది. కొట్టవోయిన.

మీకు చెప్పేది ఏందంటే, పెట్టె మంచిదే, కొనుక్కోండి. ఉరుములు వస్తే ఫ్యూజు తీసెయ్యండి. దాంట్ల ఎవరిదన్న గొంతు ఉంటే వాళ్లు బతికున్నప్పుడే ఇంకో ఫోన్లకు ఎక్కించుకోండి. ఎక్కించేటప్పుడు మీరు పక్కన ఉండకండి.

ఇప్పుడు గూడ కరెంటు వస్తే ఆయన ఫోటోనే వస్తది. ఎత్తుత. ఎవరూ ఏమీ అనరు. ఆ పది సెకన్లల మా చేను వినిపిస్తది. గాలి, మేస్త్రి చెప్పుల చప్పుడు, ఆడబిడ్డ ముక్కు ఎగబీల్చుడు, ఎక్కడో ఒక పిట్ట. నేను గూడ అక్కడనే ఉన్న, నాది ఏం వినిపించదు. అయిపోయేదాక విని, ఒకటి నొక్కుత.