మామ కడిగిన పచ్చ మునియాలు

మదనపల్లెలో మా మేనమామ పోయిన బుధవారం చనిపోయాడు. మంచివాడని అందరూ చెప్పుకుంటున్నారు. నిజమే. ఆయనకు మాత్రం ఆ నమ్మకం లేదు. ఎందుకో నాకు తెలుసు.

వయసులో ఉన్నప్పుడు ఆయన పిట్టలు పట్టి అమ్మేవాడు. పుంగనూరు, చౌడేపల్లె చెరువుల జమ్ములో వల వేస్తే ఎర్ర మునియాలు దండిగా పడేవి. గుప్పిట్లో ఇమిడే పిట్టలు. మగది ఎర్రగా, తెల్ల చుక్కలతో ముద్దుగా ఉంటుంది. ఆడది మట్టిరంగు, ఎవరూ కొనరు. మామ వాటికి రంగు పూసి పచ్చ మునియాలని అమ్మేవాడు. "పచ్చదంటే సాలు, ఎగబడతారప్పా," అని నవ్వేవాడు. అసలైన పచ్చ మునియాను ఆయన ఒక్కసారీ చూడలేదు.

ఎర్రవి దేశమంతా ఉన్నాయి, ఇప్పట్లో వాటికి భయం లేదు. పచ్చవి మధ్య భారతంలో అక్కడక్కడే మిగిలి, ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరాయి. రెండింటినీ పట్టడం నేరమే. మామ ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. రాలిన ఈక చూసి పిట్ట పేరు చెప్పడం నాకు నేర్పింది ఆయనే.

నాలుగేళ్ల కిందట కుప్పం నుంచి వచ్చిన, పిట్టలమ్మే పాత స్నేహితుడొకడు పోలీసులకు భయపడి ఒక పంజరం మామ ఇంట్లో వదిలిపోయాడు. లోపల పచ్చటి పిట్టలు.

"ఎవుడో నా మాదిరే రంగు పూసినాడు అల్లుడా. కడిగి జమ్ములో ఇడిసిపెడతా. చేసిన పాపం కొంచెమన్నా పోతాది," అన్నాడు ఫోన్లో.

"మంచిపని మామా," అన్నాను. నా నోరు పడిపోనూ! ఒక్క ఫొటో పంపమని అడగాలని తోచలేదు.

సబ్బునీళ్లలో ఒక్కోదాన్నే ముంచి రుద్దాడు. రంగు వదల్లేదు. గట్టి రంగేసినట్టున్నారని ఇంకా రుద్దాడు. నేను వెళ్లేసరికి ఆరు పిట్టలూ గోనెపట్ట మీద చచ్చిపడి ఉన్నాయి. ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, పక్కల సన్నటి నలుపు తెలుపు చారలు. ఏ మనిషీ గీయలేని చారలు.

"రంగు కాదా ఇది?"

"కాదు మామా. పుట్టుకతో వచ్చిందే."

"యాడో మిగిలిన నాలుగు పిట్టలు. అవీ నా చేతికే రావాల్నా?" అన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చెరువుకు పోయి, కనిపించిన వలనల్లా కోసేసేవాడు. వేటగాళ్లు తిట్టేవాళ్లు. "ఎర్రదని అలుసు సెయ్యొద్దండప్పా. పచ్చదీ ఒకప్పుడు దండిగానే ఉండినేమో," అని బతిమాలేవాడు. ఎవరు విన్నారో నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం ఆయనకు చివరి స్నానం చేయించాం. బంధువొకడు సబ్బు తీసుకుని వీపు గట్టిగా రుద్దబోయాడు.

"రుద్దొద్దప్పా!" అని అరిచేశాను. అందరూ నావైపు చూశారు. చెంబు లాక్కుని, మెల్లగా, నేనే నీళ్లు పోశాను.