ఐసు బాబాయి ఇంట్లో కూడికలు

ఆ రోజుల్లో నాకు నా నోటి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. అప్పుడే బీఈడీ పూర్తయింది. కాలేజీలో వక్తృత్వ పోటీ ఎప్పుడు పెట్టినా స్టీలు గిన్నో, గ్లాసుల సెట్టో గెలుచుకుని ఇంటికి వచ్చేదాన్ని (మా అమ్మ ఇప్పటికీ పులుసు పోసేది నా వాగ్ధాటికి వచ్చిన గిన్నెలోనే). అలాంటి నాకు మొదటి ఉద్యోగం ఏం దొరికిందయ్యా అంటే, బడి మానేసిన పిల్లల ఇళ్ళకి వెళ్ళి, పెద్దవాళ్ళతో మాట్లాడి, ఆ పిల్లల్ని మళ్ళీ బడికి తీసుకురావడం. మాట్లాడటానికి జీతం! ఆ మాట విని మా నాన్న, "ఇన్నాళ్ళూ ఊరికే వాగావు కదే, అన్యాయం" అన్నాడు. పొద్దున్నే పాలకొల్లులో స్కూటీ తీస్తే మొగల్తూరు దాటకుండా ఆగేదాన్ని కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకి నేను స్కూటీ మేడం. ముసలివాళ్ళకి మాత్రం స్కూటీ పిల్లనే.

నాకు అప్పగించిన మొదటి అమ్మాయి పేరు పండు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ ఊళ్ళో దాన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. పదో తరగతి. లెక్కల్లో గట్టి పిల్ల. ఉన్నట్టుండి బడికి రావడం మానేసింది. "ఈ నెలాఖరులోగా రాకపోతే హాజరు చాలదమ్మా, ఇక పరీక్ష రాయనివ్వరు" అన్నారు హెడ్మాస్టారు. ఈ ఏడు పరీక్ష తప్పితే ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఆయన ముందే మా ఆఫీసుకి ఫోన్ చేసి, "వారం రోజుల్లో తీసుకొస్తాను సార్, నాదీ పూచీ" అనేశాను. అమ్మాయిని ఒక్కసారైనా చూడకుండానే అన్నాను, అదీ నా ధైర్యం.

పండు వాళ్ళ నాన్న ఆటోలో ఐసు దిమ్మలు వేసుకుని చేపల రేవులకి తోలుతాడు. ఊరంతా ఆయన్ని ఐసు బాబాయి అంటారు. భార్య తెల్లారకుండా వ్యాను ఎక్కి రొయ్యల షెడ్డుకి పోతుంది. ఇంట్లో మిగిలేది పండు, ఇంకా మాటలు సరిగా రాని దాని తమ్ముడు చంటాడు, అరుగు మీద కూర్చునే మామ్మ. నా స్కూటీ చప్పుడు సందు మొదట్లో వినపడగానే మామ్మ, "ఒరే, స్కూటీ పిల్ల వచ్చిందిరా, కుర్చీ వెయ్యండి" అని కేకేసేది. కుర్చీ వేసేవారు. మంచినీళ్ళిచ్చేవారు. నేను గొంతు సవరించుకుని విద్య వల్ల లాభాలు మొదలుపెట్టేదాన్ని. ఐసు బాబాయి చేతులు కట్టుకుని ఆసాంతం విని, "బాగా చెప్పారండి. అలాగేనండి. చూద్దామండి" అనేవాడు. పోట్లాడేవాడితో పోట్లాడొచ్చు. మాటకి రెండు అండీలు చేర్చి తలాడించేవాడిని ఏం చేస్తాం? మా గోదావరి వాళ్ళ మర్యాదలో ఇదొక సుగుణం, 'కాదు' అన్న మాట అనకుండానే మనిషిని గుమ్మం దాటించేస్తారు. మర్నాడు బడికి వెళ్ళి చూస్తే పండు ఉండేది కాదు. మళ్ళీ వెళ్ళేదాన్ని, మళ్ళీ కుర్చీ వేసేవారు. పిల్లనే నిలదీసి, "చదువుకోవాలని లేదా ఏంటి నీకు?" అంటే, అది మామ్మ వైపు ఒకసారి చూసి, చంటాణ్ణి చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. పెళ్ళి చేసేస్తారు కాబోలు అనుకున్నాను. రొయ్యల షెడ్డులో పెడతారు కాబోలు అనుకున్నాను. అనుకున్నదల్లా ఉపన్యాసంలో కలుపుకుంటూ పోయాను.

వారంలో సగం అయిపోయేసరికి నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ వీధిలో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే. పాస్టరుగారంటే, అదే అయ్యగారంటే, వాళ్ళకి గౌరవం. ఆదివారం ఆయన చేత ఒక్క మాట చెప్పిస్తే ఐసు బాబాయి సిగ్గుపడి పిల్లని పంపించెయ్యడా? నేను పుట్టి బుద్ధెరిగి చర్చిలో అడుగుపెట్టలేదు. అక్కడ చెప్పే మాట మా వీధి గుడి మైకులో చేసే ప్రకటనలాంటిదే అనుకున్నాను. వెళ్ళి అయ్యగారితో, "పండు చదువు ఆగిపోతోందండి, నలుగురిలో ఒక మాట అనండి" అని అడిగాను. ఆయన నవ్వి, "అనడమెందుకమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు. పోనీలే, ఏదో ఒకటి అనుకుని వచ్చేశాను. అక్కడ ప్రార్థనలో ఒకసారి పేరు ఎక్కిందంటే అది చర్చిలోనే ఆగిపోదనీ, నడుచుకుంటూ ఆ మనిషి ఇంటిదాకా వస్తుందనీ నాకెవరు చెప్పారు?

ఆదివారం ఒకరి పిత్తాశయం ఆపరేషనుకీ, ఇంకొకరి కువైట్ ప్రయాణానికీ మధ్యలో పండు చదువు కోసం ప్రార్థన జరిగింది. వెనక వరసలో కునికిపాట్లు పడేవాళ్ళకి పేరు ఒక్కటే వినపడింది. సోమవారం పొద్దున్నే ఇద్దరు ముసలమ్మలు బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొచ్చి, "ఏం జ్వరమే తల్లీ?" అని పండు నుదురు పట్టి చూశారు. సాయంత్రం చర్చి స్త్రీల సమాజం వాళ్ళు వచ్చారు. ముందు వాళ్ళ ప్రెసిడెంటమ్మగారు, వెనకాల కంజర, ఆ వెనకాల ఇల్లు పట్టనంత మంది. పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన, దాన్ని వాళ్ళు కూడిక అంటారు. మంగళవారం పక్క వీధి వాళ్ళు కూడా కలిశారు. బుధవారం యూత్ కుర్రాళ్ళు కీబోర్డు తెచ్చారు. వచ్చినవాళ్ళని ఊరికే పంపించడం ఆ ఇంట్లో లేదాయె, అందరికీ టీ, గుగ్గిళ్ళు. తెల్లవారుజామున లేచి ఐసుకి వెళ్ళాల్సిన మనిషి రోజూ పొద్దుపోయేదాకా గ్లాసులు అందిస్తున్నాడు.

ఆ బుధవారం కూడిక అయ్యాక ఐసు బాబాయి నాకు ఫోన్ చేశాడు. "మేడంగారండీ, మీకు దండం పెడతానండి, పిల్లని రేపే పంపిస్తానండి. ఈ కూడికలు మాత్రం ఆపించండి" అన్నాడు. ఆపించడం నా చేతుల్లో ఉందా? అయినా "సరే, నేను చూసుకుంటాను" అన్నాను, గొంతులో అధికారం చూసుకోవాలి! గురువారం పండు బడికి వచ్చింది. హెడ్మాస్టారు నాకు స్టాఫ్ రూములో కాఫీ తెప్పించారు. ఆఫీసుకి ఫోన్ చేసి, 'స్థానిక సంస్థల భాగస్వామ్యం' అంటూ నా పథకం గురించి ఎడతెరిపి లేకుండా చెప్పుకున్నాను. శుక్రవారం చూస్తే పండు రాలేదు. నెలాఖరు నెత్తి మీదకొచ్చింది.

కోపం పట్టలేక ఆ సాయంత్రం నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను, అందరి ముందూ కడిగేద్దామని. తీరా వెళ్తే అప్పటికే కూడిక మొదలైపోయింది. ప్రెసిడెంటమ్మగారు నా చెయ్యి పట్టి లాగి చాప మీద కూర్చోబెట్టి, "మాట్లాడకమ్మా, కళ్ళు మూసుకో" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో నన్ను మాట్లాడొద్దన్న మొదటి మనిషి ఆవిడే. కళ్ళు మూసుకున్నాను. ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేస్తున్నారు. కాసేపటికి నా పక్క నుంచి మామ్మ గొంతు వినపడింది.

"తండ్రీ, ఈ ఇంటికి వచ్చినవాళ్ళందరూ పిల్ల కోసం అడుగుతున్నారు. అడగాల్సింది నా గురించి. నా కళ్ళు పోయాయి. నీకు తెలుసు, నా కొడుక్కి తెలుసు. వాడు బయట చెప్పనివ్వడు. ఈ వీధిలో పిల్లల్నందర్నీ పెంచిన మనిషి ఇక పనికిరాదని నలుగురూ అనుకుంటారని వాడి బాధ. ఆవేళ చంటాడు కాలువ రేవులోకి దిగిపోయాడు. నేను వాడనుకుని దిండుని జోకొడుతూ కూర్చున్నాను ప్రభువా. పండు బడి నుంచి ఆ క్షణాన రాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ వాణ్ణి చూసుకోడానికి దాని చదువు ఆపేశారు. నిన్నొక్క రోజు నా కొడుకు పని మానుకుని వాడికి కాపలా కాశాడు, రోజూ ఎలా కాస్తాడు? నాకు తెలియదనుకుంటున్నారు. నన్నైనా తీసుకుపో, దాన్నైనా బడికి పంపించు."

నేను ఏడుస్తున్నానని నా చెంపలు తడిస్తే గానీ నాకు తెలియలేదు. అంతలో మామ్మ ఇంకో మాట కలిపింది. "ఆ స్కూటీ పిల్ల కూడా రోజూ ఎండలో పడొచ్చి గొంతు పోయేలా అరిచి వెళ్తోంది తండ్రీ. దానికి మేమెవ్వరం నిజం చెప్పలేదు. దాని ఉద్యోగం నిలబెట్టు. దాని నోటికి తట్టుకోగల మొగుణ్ణి కూడా చూపించు."

"ఆమెన్" అని పైకప్పు రేకులు అదిరేలా అన్నారందరూ. (ఆ మనవి తర్వాత నెరవేరింది. మావారు చాలా నెమ్మదస్తులు.)

కళ్ళు తెరిచేసరికి ప్రెసిడెంటమ్మగారు అప్పుడే తేల్చేస్తున్నారు. ఆవిడ ఇంట్లో కుట్టు మిషను పెట్టుకున్నారు, పగలంతా ఇంట్లోనే ఉంటారు. "చంటాణ్ణి పొద్దున్నే నా దగ్గర దింపండి" అన్నారు. ఎదురింటావిడ, "మీ మిషను సూదులు వాడికెందుకండీ, మా ఇంట్లో ఉంటాడు" అంది. పంతాలు పెరిగి ఇద్దరూ నిజంగానే దెబ్బలాడుకున్నారు. మామ్మ చేత్తో చాప మీద గట్టిగా చరిచి, "వాడెక్కడుంటే నేనూ అక్కడే. నేను కథ చెప్పకపోతే వాడికి అన్నం దిగదు. మీరు కళ్ళు, నేను నోరు" అని తీర్పు చెప్పింది. ఐసు బాబాయి గుమ్మంలో నిలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తీసి, "అందరికీ టీ పెట్టించనా అండి?" అన్నాడు. అన్నిసార్లు వెళ్ళిన నేను ఆ ముసలావిడతో 'బాగున్నారా' తప్ప ఇంకో మాట మాట్లాడలేదని నాకు అప్పుడు తట్టింది. ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని అక్షరం కళ్ళు తెరిపిస్తుందని చెప్పి వచ్చేదాన్ని, ఖర్మ! శుక్లాలే అయి ఉంటాయి, ఆపరేషను చేయిస్తే పోతాయి, నేను తీసుకెళ్తానన్నాను. "పండు పరీక్షలవనీ" అంది మామ్మ.

పండు పరీక్ష రాసింది, పాసైంది. మామ్మకి ఆపరేషనూ అయింది. నేను ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు నాలాగే నోటి నిండా ఉపన్యాసాలతో వస్తే, ముందు ఆ ఇంట్లో ఎవరైనా కుర్చీ తీసి చాప మీద కూర్చోమనేదాకా వెళ్తూ ఉండండి, కూర్చున్నాక మీరు తప్ప అందర్నీ మాట్లాడనివ్వండి అంటాను. వాళ్ళు తలాడిస్తారు, వెళ్ళి మాట్లాడేస్తారు. నేను మాత్రం విన్నానా ఎవరి మాటైనా?

కానీ ఆ ఏడాదంతటిలో నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాతి సోమవారం. బడి గేటు దగ్గర పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను, పిల్ల వస్తుందో రాదోనని మాటిమాటికీ రోడ్డు వైపు తొంగి చూస్తూ. దూరంగా యూనిఫాంలో పండు, దాని చెయ్యి పట్టుకుని ఇస్త్రీ చీరలో మామ్మ. ఎవరు ఎవర్ని నడిపించుకొస్తున్నారో చెప్పలేం గానీ, మామ్మ తల మాత్రం నిటారుగా ఉంది. పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. మామ్మ గేటు పట్టుకుని, నా చీర కదలిక పసిగట్టి కాబోలు, నా వైపు తిరిగింది.

"ఎవరమ్మా? టీచరమ్మగారా? ఆ స్కూటీ పిల్ల ఇంకా రాలేదా?"

నేనే అని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది.

"వస్తే చెప్పు తల్లీ. నా మనవరాల్ని నేనే తీసుకొచ్చి బడిలో దింపానని చెప్పు."

గొంతు గుర్తుపడుతుందేమోనని బాగా తగ్గించి, "అలాగేనండి మామ్మగారూ, చెప్తానండి" అన్నాను. అప్పట్నుంచీ ఆ స్కూటీ పిల్లకి ఆ మాట చెప్తూనే ఉన్నాను.