మా గోత్రంలో కాబూలు రాయబారి

కిరాణా కొట్లో ఎండు అంజూరపండ్ల డబ్బా మూత తీస్తే చాలు, ఆ మాగిన తీపి వాసన వెనకాలే నీరుకావి పంచె, చేతిలో ట్రాన్సిస్టరు, నోట్లో ఆరిపోయిన చుట్టతో మా పెద్దనాన్న వచ్చి నిలబడతారు. ఎనిమిదితో బడి మానేసిన నాకు పటంలో మండపేట కంటే ముందు కాబూలు చూపించడం వచ్చిందంటే, ఆ ఘనత మా మాస్టార్లది కాదు, ఆయనదే.

కుర్రతనంలో ఢిల్లీలో చదివినప్పుడు పెద్దనాన్నతో హాస్టల్లో ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో తిన్న అఫ్గాన్ స్నేహితుడు ఫిరోజ్ గారు. చదువయ్యాక పెద్దనాన్న వచ్చి వరిచేల గట్లు పట్టుకుంటే, ఆయన వాళ్ల దేశం విదేశాంగ శాఖలో చేరి రాయబారి దాకా ఎదిగారు. ఏటా జనవరిలో ఒక్కో దేశం నుంచి కార్డు వచ్చేది. స్టాంపుల కోసం మేం పిల్లలం జుట్లు పట్టుకుంటే, పెద్దమ్మ ఆవకాయ జాడీ వాసెన విప్పుతూ, ఒకే గదిలో చదివినా ఆయనకి దేశాలు, ఈయనకి దూడలు దక్కాయని దెప్పేది.

నేను మూడో తరగతిలో ఉండగా కాబూల్లో ప్రభుత్వం పడిపోయింది. కార్డులు ఆగిపోయాయి. మనిషి ఉన్నాడో లేడో చెప్పే దిక్కులేక, సాయంత్రం వార్తల వేళ పెద్దనాన్న ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, అరిచే గేదెని కూడా కసిరేవారు.

ఆ కార్తీకంలో ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరుచుకుని, వెచ్చటి పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని ద్రాక్షారామం వెళ్లాం. అర్చనకి ఇంటిల్లిపాదీ పేర్లు చెప్పి, చివర్న ఫిరోజ్ అన్నారు పెద్దనాన్న. పంతులుగారి చేతిలో మారేడు పత్రి ఆగింది.

"వారి గోత్రం ఏంటండి?"

"మాదేనండి. పైడిపాల."

పంతులుగారు ఆ పత్రి లింగం మీద వేస్తూ ఫిరోజ్ గారిని పైడిపాల గోత్రంలో కలిపేశారు. నాకు నవ్వాగలేదు. పెద్దమ్మ తొడపాశం పెట్టింది.

అలా ఐదారు కార్తీకాలు గడిచాయి. నా నోటికి తాళం ఎక్కడిది? ఓ మధ్యాహ్నం పనసపొట్టు కూర వడ్డిస్తుండగా అడిగేశాను.

"పెద్దనాన్నా, ఆయనది మన గోత్రమే కదా. ఏమన్నా అయితే మనకి మైలుంటుందా?"

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఊరందరినీ నవ్వించే నా హాస్యం చప్పున చచ్చింది. తర్వాతి కార్తీకంలో ఫిరోజ్ గారి పేరు పంతులుగారికి నేనే ముందు చెప్పాను.

రెండువేలు దాటిన కొన్నేళ్లకి పోస్టుమాన్ ఓ అట్టపెట్టె తెచ్చాడు. నిండా దారానికి గుచ్చిన ఎండు అంజూరాలు, పైన ఉత్తరం. ఫిరోజ్ గారు పరాయి దేశంలో ఇన్నాళ్లూ తలదాచుకుని, తిరిగొచ్చి, పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయారట. పెద్దనాన్న ఉత్తరం గుండెకి ఆనించుకుని పగలబడి నవ్వారు.

"ఓడిపోయాడంటే ఉన్నాడ్రా!"

జవాబులో గోత్రం సంగతి, నా ప్రశ్నా పూసగుచ్చినట్టు రాసి, ఆత్రేయపురం పూతరేకులతో పంపారు. పెద్దనాన్న పోయినప్పుడు కబురందుకుని ఫిరోజ్ గారు రాశారు, మీ పిల్లాడి ప్రశ్న గుర్తుంది, పదకొండు రోజులు మైల పట్టాను, తక్కువైతే చెప్పమనండి అని.

ఇప్పుడు కార్డులు లేవు. ట్రాన్సిస్టరు బీరువా మీద మూగబోయింది. ట్రాక్టరు తొట్టిలో గుడికెళ్లేవాళ్లూ లేరు. మొన్న ఫిరోజ్ గారూ పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నా ప్రశ్నకి నేనే జవాబు చెప్పుకున్నాను. పదకొండు రోజులు మైల పట్టి, పన్నెండో రోజు భోజనాల్లో, ఆకు చివర ఒక్కో అంజూరపండు వేయించాను.