నేను పూసిన లప్పం

పాల లెక్కలో పావు లీటరు తేడా వస్తే ఊరుకోని మనిషిని నేను. కరెంటు బిల్లు ఏ తేదీన కట్టానో ఎప్పుడడిగినా చెబుతాను. అలాంటిదాన్ని, ఒక తప్పును మాత్రం ఏడేళ్ళుగా నా లెక్కలో వేసుకోకుండా మోస్తున్నాను. పేరు చెప్పను. గుడియాత్తంలో నేతగాళ్ళ ఇంటిదాన్ని. అంతవరకు చాలు.

మగ్గాలు తీసేసిన కొట్టంలో మా తమ్ముడు ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతుండేవాడు. వాడి కూతురు కోమల వేలూరులో ఇంజనీరింగు చదివింది, తండ్రితో సమానంగా పనిచేసేది. రెక్కను కింది నుంచి పట్టి ఉంచే ఉక్కు గొట్టాలకు, స్ట్రట్లంటారు వాటిని, చివర్ల బెజ్జాలు తొలిచి బోల్టులకు సరిచూసింది ఆ పిల్లే. వాటిని నున్నగా రుద్ది రంగు వేసే పని నాది.

ఒక గొట్టం నా చేతిలోంచి జారి మగ్గం గుంట రాతి అంచుకు తగిలింది. నడిమధ్య సొట్ట పడింది. చెప్పాలి. చెప్పలేదు. మా ఇళ్ళలో తెగిన పోగును ముడేసి గంజితో అదిమితే చీర కట్టుకున్నవాళ్ళకు కూడా తెలియదు. దాన్ని తప్పనరు, పనితనం అంటారు. ఆ అలవాటుతోనే సొట్టలో లప్పం నింపి, రుద్ది, రంగు వేశాను. గొట్టం పోగు కాదని నాకు తెలియదా? అందులో కూర్చుని పైకి లేచేది నా తమ్ముడేనని తెలియదా?

ఎగరక ముందే, ఇరుగుపొరుగంతా చూస్తుండగా, రెక్క మీద ఇసుక మూటలు పేర్చి బలం చూశారు. సగం మూటలకే ఆ గొట్టం వంగిపోయింది.

"మూటలకే నడుము పట్టుకునె. మనుషుల్ని యాడ మోస్తాది నాయనా?" అని పక్కింటాయన నవ్వాడు.

ఆ నవ్వుకు తమ్ముడి ముఖం మాడిపోయింది. కూతురి వైపు తిరిగాడు. "ఆడపిల్ల చేతికి బెజ్జం తొలిచే పని ఇచ్చినాను సూడు. వంకరగా తొలిచినావు, వంగినాది."

"బెజ్జం సరిగ్గానే ఉండాది నాయనా. కొలిచి సూడు."

"కండ్ల ముందర వంగినదాన్ని కొలిచేదేంది? అక్కా, నువ్వు చెప్పు."

నేనేమన్నానో తెలుసా? "పోనీలే అప్పా, చిన్నపిల్ల."

నా తప్పుకు ఆ పిల్లను క్షమించాను. రాలిన లప్పం ముక్కలను ఇసుకతో కలిపి ఊడ్చేశాను.

ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొలవకుండానే తీర్పు చెప్పిన తమ్ముడి మీద. ఆడపిల్ల అన్న మాటతోనే తృప్తిపడి తలలూపిన వాళ్ళందరి మీద. ఆ గొట్టాన్ని పాడుచేసింది నా చేయేనని ఆ రోజు నేను అని ఉంటే ఆ పిల్ల మీద ఎవరి నోరు లేచేది? కోమల మళ్ళీ ఆకురాయి గానీ, వేరే పనిముట్టు గానీ పట్టలేదు. వేలూరు పక్కన తొరపాడిలో ఒక బట్టల కొట్లో బిల్లులు వేస్తోంది. విమానం రెక్క గోడకు ఆనించి ఉంది. ఇంత కోపం నాకు ఎవరి మీద? నోరుండి మూసుకున్న ఈ ముసలిదాని మీద కాదూ?

ఈ ఉదయం అటక మీది నుంచి ఆ గొట్టాన్ని దింపి, వంగిన చోట రంగు గీకాను. లప్పం ఇంకా అంటుకునే ఉంది. కోమలను రమ్మని కబురు పెట్టాను. గొట్టాన్ని వాకిట్లో, తమ్ముడు చెప్పులు విడిచే చోట పెట్టాను. అది చూసి వాళ్ళు నన్ను ఏమంటారో తెలియదు. మంచి మాట అనవలసిన పని లేదు.

గీకిన చోట మళ్ళీ రంగు వేయాలని చేయి ఒకసారి లాగింది. అందుకే ముందు మీకు చెప్పేశాను.