చిన్నవాళ్ల మాట ముందు

కొబ్బరినూనెలో ఆవాలు చిటపటలాడితే ఇప్పటికీ నా చేతిలో గరిటె ఆగిపోతుంది. సౌదీలోని అల్ ఖోబర్‌లో మా పక్క ఫ్లాట్ వసంతేచ్చి తాలింపు వేస్తుండగా ఫోన్లోంచి ఒక మగగొంతు మలయాళంలో ఏదో అంది. ఆమె ముఖం పాలిపోయింది. ఆమెకేదో ముప్పు వచ్చిందని నాకు మొదటిసారి అనిపించిన క్షణం అది.

వసంతేచ్చిది కేరళ; ఏచ్చి, చేచ్చి అంటే వాళ్ల భాషలో అక్క. నెల్లూరులో నర్సుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుంది, నన్ను అక్కడివాళ్లలాగే 'మే' అని పిలిచేది. కేరళలో అప్పుడు అధికారంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీలో పాత సభ్యురాలు. భర్త దగ్గరికి వచ్చాక కూడా తమ ఊరి శాఖ సమావేశాల్లో ఫోన్లో పాల్గొనేది. "ఆ టైమ్‌లో వాళ్లింటికి పోకు. ఈ దేశంలో రాజకీయ సమావేశాలు నిషేధం. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా రద్దయితే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోతాం?" అనేవారు మావారు. భయపడుతూనే వెళ్లేదాన్ని.

వాళ్ల శాఖలో అందరికంటే చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దల మాట విని నోరు మూసుకోకుండా. లోపల ఎంతైనా పోట్లాడుకోవచ్చు. తీర్మానం అయ్యాక బయట అందరిదీ ఒకటే మాట.

"నీకు తప్పనిపించినా?" అని అడిగాను ఒకసారి.

"అనిపించినా! ఓడిపోయి, ఆ తీర్మానమే మంచిదని ఇల్లిల్లూ తిరిగి చెప్పినా మే. చెప్పులు అరిగినాయి, పార్టీ నిలబడింది" అని నవ్వింది.

తాలింపు వేస్తుండగా ఫోన్ వచ్చిన ఆ రోజు చర్చ, వాళ్ల వార్డులో వరిపొలాలు పూడ్చి బస్టాండు కట్టడం గురించి. ఆమె వద్దనే పక్షం. ఫోన్ పెట్టేసి, స్టవ్ కట్టేసి చెప్పింది: "పైకమిటీ నిన్ననే ఒప్పేసుకుందంట. ఇప్పుడు అభిప్రాయాలు చెప్పమంటాడు కార్యదర్శి. ఓడిపోతే ఒప్పుకుంటా గదా మే. ఇది అడిగినట్టు నటించడం."

బస్టాండు మంచిదని ఊళ్లో వాళ్లకు ఫోన్ చేసి చెప్పమన్నారు. చెప్పనంది. పార్టీలోంచి తీసేస్తామని హెచ్చరించారు. ఫోన్ మోగినప్పుడల్లా మేమిద్దరం ఉలిక్కిపడేవాళ్లం. చివరికి తీసేశారు.

"ఇక నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడొచ్చుగా, చేచ్చీ" అన్నాను, ఓదారుద్దామని.

"బయట అరిచేదానికి నేనెందుకు మే? లోపల నా మాట ఒక్కటి చెల్లితే చాలనుకున్నా."

తర్వాత ఆమె కేరళ వెళ్లిపోయింది. మావారికి ఇప్పుడు సౌదీలోనే ఇంకో చివరనున్న తబూక్ బదిలీ అయింది. వెళ్దామని నిన్న ఇద్దరం తేల్చుకున్నాం. "రేపు పిల్లల్ని కూడా ఒకమాట అడుగుదాం, సంతోషిస్తారు" అన్నారాయన. నాకు ఫోన్లో ఆ కార్యదర్శి గొంతు మళ్లీ వినిపించింది. నిద్ర పట్టలేదు.

పొద్దున పాలగ్లాసులు ముందుపెట్టి పిల్లలకు చెప్పాను: "మనం తబూక్ వెళ్తున్నాం. అది మేమిద్దరమే తేల్చేశాం. మిమ్మల్ని అడగలేదు, అడిగినట్టు నటించను. కోపమొస్తే నా ముందే అరవండి. ఏ ఇల్లు, ఏ బడి అన్నది మాత్రం ఇంకా తేలలేదు. చిన్నీ, ముందు నువ్వు చెప్పు."